చెయ్యి కాదు, చేతికందినది అడ్డుపెట్టండి



కుక్క ఒక పసివానిని పట్టుకొన్నప్పుడు చూస్తున్నవారిలో కొందరు కొయ్యబారిపోతారు. మరికొందరు వెనుకా ముందూ చూడక చేతులు చాచి మీదికి దూకుతారు. మొదటివారిని పిరికివారని, రెండవవారిని ధైర్యవంతులని మనం అనుకొంటాము. అయితే తెలియని ధైర్యం వలన కూడా బిడ్డకు కీడు జరుగుతుందని నేను నా చేతులారా చేసి నేర్చుకొన్నాను. అందుకే ఈ నెల ఈ సంగతి వ్రాస్తున్నాను.

కొన్ని సంవత్సరాల క్రిందట ఒక సాయంకాలం, జబ్బుగా ఉన్న ఒక తల్లిని చూచి సందులో నడిచి వస్తున్నాను. ఏడేళ్ళ బాబు పాలప్యాకెట్టు పట్టుకొని నాకెదురుగా వస్తున్నాడు. ఎవరో ఇంటి గేటు మూయడం మరచారు. లోపలినుండి పెంపుడు కుక్క ఒకటి దూసుకొని వచ్చి బాబు పిక్క పట్టుకొంది. నేను పరుగెత్తి, బాబు చంకల క్రింద చేతులు వేసి, నా శక్తికొలది లాగాను. నేను లాగినకొలది అదీ లాగింది.

సందు మొదట్లో బజ్జీలు వేసే పెద్దావిడ కేక వేసింది: "అయ్యగారూ, లాగకండి! లాగితే కండ ఊడివస్తది! బిడ్డను కదలకుండా పట్టుకోండి చాలు!" అంటూనే గిన్నెలు కడిగే బకెట్టు ఎత్తి ఆ నీళ్ళు కుక్క ముక్కు మీద కుమ్మరించింది. అది ఉక్కిరిబిక్కిరై నోరు తెరిచిన క్షణంలో తన ప్లాస్టిక్ కుర్చీని కుక్కకూ మాకూ మధ్య నిలిపింది. కుక్క వెనక్కి తగ్గింది. బహుశా అర నిమిషం కూడా పట్టలేదు.

ఆసుపత్రిలో డాక్టరుగారు గాయం చూచి, "పళ్ళు దిగినవి నాలుగు గంట్లే. ఈ పొడవాటి చీలిక మాత్రం లాగడం వలన వచ్చింది" అన్నారు. లాగినది నేనేనని ఆ తల్లిదండ్రుల ఎదుట చెప్పడానికి ఆ రోజు నాకు నోరు రాలేదు. తరువాత చెప్పాను. వారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ బాబు ఇప్పుడు పెద్దవాడయ్యాడు. కాలి మీద ఆ మచ్చ ఇంకా ఉన్నది. అది కనబడినప్పుడెల్లా ఆ పెద్దావిడకు తెలిసినది నాకు ముందే తెలిసియుంటే ఎంత బాగుండేదని అనుకొంటాను.

ఎందుకు లాగకూడదు?

కుక్క కోరపళ్ళు పట్టి నిలపడానికి ఏర్పడినవి. నోటిలో ఉన్నది జారిపోతున్నదని తోచగానే అది ఇంకా గట్టిగా పట్టి, తల అటూ ఇటూ విదిలిస్తుంది. చిన్న గంటు పెద్ద చీలికగా మారేది అప్పుడే. తల మీద, మూతి మీద కొట్టినా కొన్ని కుక్కలు వదలడానికి బదులు పట్టు బిగిస్తాయి. దవడలు విప్పుదామని వ్రేళ్ళు పెట్టినవారి వ్రేళ్ళే పోతాయి. ఆ సమయంలో అది యజమానియని, అన్నం పెట్టిన చెయ్యియని చూడదు.

కాబట్టి మొదటి సూత్రం ఇది: కుక్క నోటి దగ్గరకు మీ చెయ్యి, మీ ముఖం పోనివ్వకండి. రెండవది: బిడ్డను లాగకండి. బిడ్డను మీ ఒంటికి అదిమిపట్టి, తల, మెడ కాపాడుతూ, కుక్క విదిలించకుండా, ఈడ్చుకొని పోకుండా కదలనివ్వక పట్టుకోండి. కుక్క సంగతి ఇంకొకరు చూడాలి. ఒంటరిగా ఉంటే ముందు కేకలు వేసి మనుషులను పిలవండి.

వీధికుక్కలు చుట్టుముట్టినప్పుడు

2023 ఫిబ్రవరి 19న హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబును వీధికుక్కలు కరచి చంపిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. తండ్రి కార్ల సర్వీసింగ్ కేంద్రంలో కాపలా ఉద్యోగి. ఆదివారమని పిల్లవాడు తండ్రితో కూడా వచ్చి, అక్కడ నడిచిపోతుండగా కుక్కలు చుట్టుముట్టాయి. కెమెరాలో పడిన ఆ దృశ్యం రాష్ట్రమంతా చూచి కన్నీరు పెట్టింది. తెలంగాణ హైకోర్టు తనంతట తానే ఆ విషయం విచారణకు తీసుకొన్నది. ఆ క్షణాలలో పెద్దవారు ఒక్కరైనా ప్రక్కన లేకపోయారు.

గుంపుకుక్కలు ఒంటరిగా ఉన్న చిన్న ప్రాణి మీదికి తెగిస్తాయి. పెద్దమనిషి అరుస్తూ ముందుకు వస్తే చాలావరకు వెనుకాడుతాయి. కాబట్టి అటువంటిది కంటబడితే:

1. పెద్ద గొంతుతో అరవండి. వాహనం మీద ఉంటే హారన్ ఆపకుండా మ్రోగించండి. ఇంట్లో ఉంటే పళ్ళెం, గరిటె తీసికొని వాయిస్తూ బయటికి రండి. ఫోను తీసి వీడియో పట్టడానికి అది సమయం కాదు.

2. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక వరుసగా ముందుకు నడవండి. కర్రతో నేలను గట్టిగా కొట్టండి. రాయి కోసం వంగినట్లు కనబడినా మన వీధికుక్కలు చాలావరకు జంకుతాయి. కాని బిడ్డ వాటి మధ్యలో ఉండగా రాయి విసరకండి. గురి తప్పితే బిడ్డకే తగులుతుంది.

3. స్కూటరునో, ఆటోనో నెమ్మదిగా నడిపించి కుక్కలకూ బిడ్డకూ మధ్య అడ్డంగా నిలపండి.

4. దారి దొరకగానే బిడ్డను లేపి గోడకు ఆనించి, మీరు ముందు నిలబడండి. ఎత్తుకొని పరుగెత్తకండి. పరుగెత్తేదానిని వెంబడించడం కుక్కకు పుట్టుకతో వచ్చిన అలవాటు. వాటివైపే తిరిగి, ఒక్కొక్క అడుగు వెనక్కి వేస్తూ దగ్గరలోని దుకాణంలోనికో, ఇంటిలోనికో వెళ్ళి తలుపు వేయండి.

ఒకే కుక్క పట్టుకొని వదలనప్పుడు

ఇది ఎక్కువగా పెంపుడు కుక్కల విషయంలో, వాటిలోను బలమైన జాతుల విషయంలో జరుగుతుంది. 2022 జూలైలో లక్నోలో 82 ఏళ్ళ వృద్ధురాలు తమ ఇంటి పిట్‌బుల్ కుక్క చేతనే ప్రాణం పోగొట్టుకొన్నది. ఇటువంటప్పుడు చేయదగినవాటిని, అపాయం తక్కువైనదానితో మొదలుపెట్టి చెబుతాను.

మొదట నీళ్ళు. బకెట్టుతోగాని గొట్టంతోగాని ముక్కు మీద, ముఖం మీద పడేటట్లు కొట్టండి. ఊపిరి అందక చాలా కుక్కలు నోరు తెరుస్తాయి. బిడ్డ నోటిలో, ముక్కులో పడకుండా చూడండి. వేడినీళ్ళు, కారప్పొడి వద్దు. అవి బిడ్డ మీదా పడతాయి, నొప్పికి కుక్క ఇంకా రెచ్చిపోతుంది.

తరువాత ముసుగు. దుప్పటి, గోనెసంచి, కోటు, ఏది దొరికితే అది దాని తల మీద కప్పండి. కళ్ళు కనబడనప్పుడు కొన్ని కుక్కలు తికమకపడి వదులుతాయి.

అది వదలిన మరుక్షణమే అడ్డు. కుర్చీ, తెరచిన గొడుగు, సైకిలు, చెత్తబుట్ట మూత, పిల్లవాని బడిసంచి, ఏదైనా సరే కుక్క మూతికీ మనిషికీ మధ్య ఉండాలి. మళ్ళీ కరిస్తే దానినే కరవనివ్వండి. అడ్డు పెట్టడం ఆలస్యమైతే అది రెండవసారి దూకుతుంది.

ఇవేవీ పనిచేయక ప్రాణం మీదికి వస్తే, బలమైన పెద్దవారు మాత్రమే చేయదగినవి రెండున్నాయి. మెడకు పట్టీ ఉంటే, వెనుకవైపునుండి దానిని పట్టి పైకెత్తి మెలిపెట్టి ఊపిరి బిగబట్టించడం ఒకటి. దాని రెండు వెనుకకాళ్ళు తొడల దగ్గర పట్టి పైకి లేపి, అది నోరు వదలగానే అర్ధచంద్రాకారంగా వెనక్కి నడవడం రెండవది. అలా తిరుగుతూ పోతే అది వెనక్కి మళ్ళి మిమ్మల్ని అందుకోలేదు. పళ్ళు బిడ్డ కండలో ఉండగానే ఈడిస్తే మాత్రం నేను చేసిన తప్పే మీరూ చేసినవారవుతారు. ఒకసారి పట్టుకొన్న తరువాత, దానిని గేటు లోపల వేసి మూసేవరకు మధ్యలో వదలకండి.

కుక్క వదలిన తరువాత గుంపుగా చేరి దానిని కొట్టి చంపబోవడం తరచుగా చూస్తాము. కోపం సహజమే. కాని దెబ్బతిన్న కుక్క ఎదుటివారినెల్లా కరుస్తుంది. పైగా కరచిన కుక్కను పది రోజులు గమనించవలసి ఉంటుంది. అది చస్తే ఆ ఆధారం పోతుంది. దానిని ఒకచోట మూసిపెట్టి, పురపాలక సంఘానికిగాని పంచాయతీకిగాని తెలియజేయండి.

వెంటనే చేయవలసినది

ఆ రోజు మరొక తప్పు కూడా జరిగింది. బాబు వాళ్ళ నాయనమ్మ కాఫీపొడి తెచ్చి గాయంలో అద్దింది. నేను ప్రక్కనే ఉండి వద్దనలేదు, నాకూ తెలియదు గనుక. కాఫీపొడి, పసుపు, సున్నం, కారం, నూనె ఇవేవీ పెట్టకూడదు.

రక్తం ధారగా పోతుంటే ముందు శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి 108కి ఫోను చేయండి. అంత రక్తం లేకపోతే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగండి. గడియారం చూచి కడగండి, ఎందుకంటే భయంలో రెండు నిమిషాలే పదిహేనుగా తోస్తాయి. రేబిస్ క్రిమి లాలాజలంలో ఉంటుంది. ఎంత ఎక్కువ కడిగితే అంత పోతుంది.

ఆ తరువాత అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. చర్మంలోనికి ఇచ్చే టీకా విధానంలో మొదటి సూది వేసిన రోజును సున్నాగా లెక్కించి, 3వ, 7వ, 28వ రోజులలో మిగిలినవి వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ, లోపల ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా ఎక్కించాలి. అది అడిగి మరీ వేయించుకోండి. ధనుర్వాతం సూది సంగతి కూడా అడగండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని భయపడేవారు ఇంకా ఉన్నారు. గొర్రె మెదడునుండి తీసే ఆ పాత మందు మన దేశంలో 2005 నాటికే ఆగిపోయింది. ఇప్పుడు వేసేది భుజానికే.

పెంపుడు కుక్కే గదా, దానికి టీకా వేయించారు గదా అని ఆగకండి. పది రోజులు కుక్కను గమనించి అప్పుడు చూద్దామని కూడా ఆగకండి. టీకా మొదలుపెట్టి గమనించాలి. 1885లో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ళ బాలునికి మొదటిసారి టీకా వేసిననాటినుండి నేటివరకు మారనిది ఒకటే: లక్షణాలు కనబడకముందు రేబిస్‌ను ఆపవచ్చు, కనబడిన తరువాత దాదాపు ఎవరూ బ్రదుకరు. ప్రపంచంలో ఏటా సుమారు 59 వేలమంది దీనివలన చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో నూటికి నలభైమంది పదిహేనేళ్ళ లోపు పిల్లలు.

ఒక మాట మరువకండి. విడిపించడానికి వెళ్ళిన మీ చేతి మీద గీత పడినా, మీ పాత పుండు మీద కుక్క లాలాజలం పడినా, మీరూ కడుగుకొని టీకా వేయించుకోవాలి. "నన్ను కరవలేదు గదా" అని ఇంటికి వెళ్ళిపోయేవారు చాలామంది ఉంటారు.

ఈ వారం మీ ఇంట్లో

రాత్రి భోజనాల తరువాత పిల్లలను కూర్చోబెట్టుకొని రెండు ఆటలు నేర్పండి. మొదటిది చెట్టు ఆట: కుక్క దగ్గరకు వస్తే పరుగెత్తక, కేక వేయక, చేతులు ఒంటికి ఆనించి, కుక్క కళ్ళలోనికి చూడకుండా చెట్టులాగా నిలబడాలి. రెండవది రాయి ఆట: క్రింద పడిపోతే మోకాళ్ళు కడుపులోనికి ముడుచుకొని, ముఖం దాచుకొని, వ్రేళ్ళు అల్లిన చేతులతో మెడ వెనుక కప్పుకొని రాయిలాగా ఉండాలి. మెడ, ముఖం దక్కితే ప్రాణం దక్కినట్లే. బడిసంచి ఉంటే దానిని ముందు అడ్డుపెట్టడం కూడా నేర్పండి.

పెద్దవారు మరొక పని చేయండి. మీ గుమ్మంలో నిలబడి ఒకసారి చుట్టూ చూడండి. కుర్చీ ఎక్కడున్నది? బకెట్టు నిండుగా ఉన్నదా? పాత దుప్పటి చేతికందేచోట ఉన్నదా? అవసరం వచ్చినప్పుడు ఆలోచించుకొనే వ్యవధి ఉండదు. ముందుగా అనుకొన్నదే అప్పుడు చేతికి వస్తుంది. ఇంట్లో కుక్కను పెంచేవారు గేటు గడియ వేసియున్నదో లేదో చూచుకోండి. ఆ బాబు కాలి మీది మచ్చ ఒక తెరచిన గేటుతో మొదలైనది.

దెబ్బలు తిని దారిలో పడియున్నవానిని చూచి ప్రక్కగా పోయినవారి కథ మనకందరికీ తెలిసినదే. నేను ఆ సాయంకాలం ప్రక్కగా పోలేదు. అయితే ఆగిన నాకంటె, ఏమి చేయాలో తెలిసియున్న ఆ బజ్జీల పెద్దావిడే ఆ బిడ్డకు నిజమైన పొరుగుదయింది. ఆగే మనస్సుతోబాటు ఆమెకున్న తెలివి కూడా మనకుండాలి. అది నేర్చుకోవడానికి ఒక సాయంకాలం చాలు.