శాంతికి ఆడబొమ్మలే కావాలా?

విశాఖ బీచ్ రోడ్డులో యుద్ధానికి చాలా చోటుంది. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన కురుసుర జలాంతర్గామిని ఒడ్డుకి చేర్చి 2002లో మ్యూజియం చేశారు. దానికి దగ్గరలోనే 1971 యుద్ధ విజయానికి ఇంకో స్మారకం. వాటి ముందు ఫొటోలు దిగి, మర్నాడు పొద్దున్నే రైలెక్కి అరకు పోతాం. ఎందుకని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "అక్కడ ప్రశాంతంగా ఉంటుంది."

మొన్న నేనూ అలాగే వెళ్లాను. ఈ ప్రశాంతతకి అక్కడ బొమ్మలు కూడా ఉన్నాయి. గిరిజన మ్యూజియంలో ఒకరి నడుము మీద ఒకరు చేతులేసుకుని థింసా ఆడే ఆడవాళ్ల బొమ్మలు. మాడగడ కొండ మీద మాత్రం బొమ్మలు కాదు, మనుషులే. సూర్యోదయం చూడ్డానికి వచ్చిన వాళ్ల కోసం చలిలో నిలబడి ఆడుతున్నారు. పట్నం ఆడవాళ్లు గిరిజన చీర అద్దెకి కట్టుకుని ఆ వరసలో దూరి ఫొటోలు దిగుతున్నారు. "రండి మేడమ్, ఒక్క ఫొటో" అందొకావిడ. నేనూ దిగాను. ఆ ఫొటోలో నేను నవ్వుతున్నాను, ఆమె నవ్వడం లేదు.

పద్మాపురం తోటని రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకి కూరగాయలు పండించడానికి వేశారట. ఇప్పుడక్కడ గులాబీలు. యుద్ధం పోయి పూలు మిగిలాయని అనుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ కొండల్లోంచి యుద్ధం ఎప్పుడు పోయింది?

జి. మాడుగుల మండలంలో వాకపల్లి అనే చిన్న ఊరుంది. 2007 ఆగస్టు 20న కూంబింగుకి వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని ఆ ఊరి కొందు స్త్రీలు 11 మంది బయటికొచ్చి చెప్పారు. చెప్పడం అంత తేలికా? మనలో చదువుకున్న వాళ్లం ఎంతమందిమి చెప్పగలిగాం? వాళ్లు చెప్పారు. చెప్పిన మాట మీద ఏళ్ల తరబడి నిలబడ్డారు. 2017లో సుప్రీంకోర్టు త్వరగా తేల్చమంటే గానీ విచారణ కదల్లేదు. 2023 ఏప్రిల్ 6న విశాఖలోని ప్రత్యేక కోర్టు నిందితులైన 13 మంది పోలీసుల్నీ నిర్దోషులంది. ఆ తీర్పులోనే, దర్యాప్తు సరిగా జరగలేదనీ, ఆ స్త్రీలకి పరిహారం ఇవ్వాలనీ చెప్పింది. అంటే నేరం రుజువు కాలేదు. రుజువులు సేకరించాల్సిన వాళ్లు ఆ పని సరిగా చెయ్యలేదు. దానికి డబ్బిస్తారు. పదిహేనేళ్లకి పైగా ఎదురుచూసిన వాళ్లకి దక్కింది ఇదీ!

తుపాకీ అవతలి వాళ్ల చేతిలో ఉంటే మంచిదని నేననడం లేదు. 2018 సెప్టెంబరు 23న అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావునీ, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమనీ మావోయిస్టులు కాల్చి చంపారు. చనిపోయిన వాళ్లిద్దరూ గిరిజనులే. ఎవరు ఎవర్ని చంపినా, ఆ తర్వాత పోడుకీ, సంతకీ, నీళ్లకీ భయపడుతూ నడిచేది ఆడవాళ్లే. వాళ్లు నోరు మెదపని రోజుల్ని మనం ప్రశాంతత అంటున్నాం.

"థింసా ఆడితే వాళ్లకి నాలుగు డబ్బులొస్తాయి కదా, నీకేం అభ్యంతరం?" అని నా స్నేహితురాలు అడిగింది. డబ్బు రావాలి, ఇంకా ఎక్కువ రావాలి. థింసా వాళ్లది, ఎవరి ముందు ఆడాలో వాళ్లే నిర్ణయించుకుంటారు. నా అభ్యంతరం ఆట మీద కాదు, మన చూపు మీద. ఆడుతున్నప్పుడు ఫొటో తీసే మనం, కోర్టు మెట్ల మీద కూర్చున్నప్పుడు ఎక్కడున్నాం?

ఈ ప్రశ్న ప్రభుత్వానికి మాత్రమే కాదు. 2007లో మనం కవితలు రాశాం, ప్రకటనల మీద సంతకాలు పెట్టాం. కొందరు ఆ ఊరికి వెళ్లారు, కేసు వెంట చివరిదాకా నడిచారు. వాళ్లకి దణ్ణం పెడతాను. మిగతావాళ్లం? తీర్పు వచ్చిన రోజు నేను ఏదో సదస్సులో 'ప్రాంతీయ అస్తిత్వం' గురించి మాట్లాడుతున్నాను. పేపర్లో ఆ వార్త నాలుగు రోజుల తర్వాత చూశాను. సిగ్గుపడి చెబుతున్నాను.

శాంతి పేరుతో విగ్రహం పెట్టాలని ఎవరికైనా అనిపిస్తే దయచేసి ఇంకో ఆడబొమ్మని చెయ్యకండి. పావురం పట్టుకున్న అమ్మాయి వద్దు, గుండ్రంగా తిరిగే నాట్యగత్తెలు వద్దు. ఒక మామూలు రాయి పెట్టండి. వాకపల్లి ఆడవాళ్లు కోర్టులో చెప్పిన మాటల్లో వాళ్లు ఒప్పుకున్నంత మేరకు, వాళ్ల పేర్లు లేకుండా, వాళ్ల కువి భాషలోనూ తెలుగులోనూ దాని మీద చెక్కించండి. బీచ్ రోడ్డులో, ఆ జలాంతర్గామి పక్కన పెట్టండి. అక్కడైతే అందరూ చూస్తారు.

అది వద్దు అనిపిస్తోందా? అందంగా ఉండదనా, ప్రశాంతంగా ఉండదనా?