పాఠం ఇంగ్లీషులో... నొప్పి చైనీసులో!

మా బ్రాడీపేటలో పక్కింటి వదినగారి అమ్మాయి చైనాలో మెడిసిన్ చదువుతోంది. మొన్న సెలవులకొచ్చి వంటింటి గోడ నిండా చీటీలంటించింది. ‘‘మీది ఇంగ్లీషు మీడియమేగా, ఈ బొమ్మలెందుకే?’’ అన్నాను. ‘‘పాఠం ఇంగ్లీషే అత్తయ్యా, రోగికి కడుపునొప్పి చైనీసులోనే వస్తుంది’’ అంది.

నవ్వొచ్చినా, ఆలోచించాల్సిన మాటే. విదేశంలో చదివినవాళ్లు ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే 54 నెలల చదువుతోపాటు 12 నెలల ఇంటర్న్‌షిప్ కూడా అక్కడి సంస్థలోనే చేయాలని 2021 నవంబరులో మన జాతీయ వైద్య కమిషన్ నిబంధన పెట్టింది. అంటే ఏడాదిపాటు అక్కడి రోగులతోనే పని. హెచ్.ఎస్.కె. నాలుగో స్థాయి చైనీసు రాకపోతే పట్టా ఇవ్వరని 2022 సెప్టెంబరులో బీజింగ్‌లోని మన రాయబార కార్యాలయం హెచ్చరించింది. 2015 నుంచి 2021 దాకా చైనాలో చదివొచ్చి ఇక్కడి అర్హత పరీక్ష రాసిన 40,417 మందిలో గట్టెక్కింది 6,387 మందేనని కూడా చెప్పింది.

మరి అన్ని వేల అక్షరాలు నేర్చేదెలా? మూలరూపాలతో. 1716 నాటి కాంగ్షీ నిఘంటువు 47 వేల పైచిలుకు అక్షరాల్ని 214 మూలరూపాల కింద సర్దింది, మనం పోపులపెట్టెలో దినుసులు సర్దుకున్నట్టు. ఒకప్పుడు మంచం బొమ్మగా ఉన్న ‘జబ్బు’ రూపం కనిపిస్తే అది నొప్పో, రోగమో, క్యాన్సరో. ‘మాంసం’ రూపముంటే కాలేయమో, ఊపిరితిత్తులో, పొట్టో. రెండో సగం చాలాసార్లు పలికే తీరు చెబుతుంది. ‘స్త్రీ’ పక్కన ‘మా’ అని పలికే గుర్రాన్ని పెడితే, స్వరం మారి, అమ్మ! మన మిరపకాయ పేరులోనూ ‘ఘాటు’ రూపం ఉందట.

అలాగని ఇదే సర్వరోగనివారిణి కాదు. ‘మాంసం’ రూపం అచ్చం ‘చంద్రుడి’లాగే ఉంటుంది, పొరబడతాం. కాలక్రమంలో ఉచ్చారణలూ మారిపోయాయి. మాటల్లో పెట్టి వాడితేనే నిలుస్తాయి. ఇంకోటి నాకు గుచ్చుకుంది. అదే ‘స్త్రీ’ రూపం కింద అక్కా చెల్లెళ్లతోపాటు అసూయ, బానిస కూడా ఉన్నాయి! లోకమంతా ఒకటే తీరు కాబోలు.

మిర్చి పంట డబ్బో, మెడలో గొలుసో పెట్టి పిల్లల్ని పంపే తల్లులం మనం. ‘ఇంగ్లీషు మీడియం’ అని ఏజెంటు చెప్పగానే తలూపేస్తున్నాం. చైనీసు ఏ ఏడాదినుంచి, వారానికెన్ని గంటలు చెబుతారో ఫీజు కట్టకముందే అడగండి. మా వదినగారు అప్పుడడగలేదు. ఇప్పుడు కూర కలుపుతూ, కూతురి చేత ఆ చీటీలు అప్పజెప్పించుకుంటోంది.