మిగతా 193 పేర్లు

యుద్ధంలో నౌక మునిగితే జనానికి గుర్తుండేది కెప్టెన్ పేరు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా అందుకు అన్నివిధాలా తగినవారే. 1971 డిసెంబర్ 9 రాత్రి, డయ్యూ తీరానికి దూరంగా, పాకిస్థాన్ జలాంతర్గామి హంగోర్ వదిలిన టార్పెడో మన ఐఎన్‌ఎస్ ఖుక్రీని దెబ్బతీసింది. ముల్లా తన లైఫ్ జాకెట్ తీసి ఒక నావికుడికి ఇచ్చేశారు. వీలైనంత మందిని నౌక దిగిపొమ్మని పంపి, ఇంకెవరినైనా కాపాడగలనేమోనని మళ్లీ బ్రిడ్జి మీదికి వెళ్లారు. ఖుక్రీతోపాటే మునిగిపోయారు. మరణానంతరం మహావీర్ చక్ర ప్రకటించారు.

ఆ రాత్రి ఆయనతోపాటు 17 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. వాళ్లలో ఒక్కరి పేరు చెప్పమంటే మనలో చాలామందిమి తెల్లముఖం వేస్తాం. పతకం రావాలంటే సాహసం చేస్తే చాలదు, చూసినవాడొకడు బతికి బయటపడాలి. నౌక అడుగున, ఇరుకు నిచ్చెన దగ్గర, పక్కవాణ్ణి ముందు ఎక్కించి తాను ఆగిపోయినవాడు ఉండి ఉంటే, అతని తరఫున సాక్ష్యం చెప్పేదెవరు?

పతకంతో, సాక్ష్యంతో పనిలేకుండా అందరినీ గుర్తుంచుకునే విషయంలో ఫ్రీమేసన్లను చూసి నేర్చుకోవచ్చు. వాళ్ల లాడ్జి (సమావేశ మందిరం) ఉన్న హైదరాబాద్ గోషామహల్ బారాదరి తెలిసినవారికి ఆ సోదర సంఘం కొత్త కాదు. హోదా ఏదైనా లాడ్జిలో అందరూ ‘బ్రదర్’లే. మొదటి ప్రపంచయుద్ధంలో పోయిన తమవాళ్ల స్మారకంగా 1927-33 మధ్య లండన్‌లో ఫ్రీమేసన్స్ హాల్ కట్టారు. అందులో రెల్లు దుబ్బుల నడుమ ఆగిన పడవ మీద ఒక కంచు పేటిక. ఆ పడవ ముగిసిన ప్రయాణానికి గుర్తు. మూడు వేలకు పైగా పేర్లున్న పత్రపు చుట్టను ఆ పేటికలోనే భద్రపరిచారు. పతకం వచ్చినవాడూ రానివాడూ ఒకే చుట్టలో ఉన్నారు.

మనకూ ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం ఉంది, గ్రానైట్ మీద అమరుల పేర్లున్నాయి. చెక్కడం అయింది, చదవడమే మిగిలింది. ఆ పనికి విశాఖ ముందుకు రావాలి. ఖుక్రీ పేరు మోసిన రెండో నౌక 2021 డిసెంబర్ 23న విధుల నుంచి తప్పుకున్నది ఇక్కడే. ఆ తర్వాతే స్మారకంగా డయ్యూ చేరింది.

నేవీ డే విన్యాసాలు ఇక్కడ జరిగిన ఏళ్లలో ఆర్కే బీచ్‌లో ఇసుక వేస్తే రాలనంత జనం. నేవీ డే అయిన ఐదు రోజులకు, డిసెంబర్ 9 సాయంత్రం, అదే తీరంలో 194 పేర్లూ పైకి చదవాలి. పావుగంట పని. వేదిక, దండలు, ముఖ్య అతిథి అక్కర్లేదు. ముల్లా పేరు కూడా అక్షరక్రమంలో ఎక్కడ వస్తే అక్కడే చదవాలి. లైఫ్ జాకెట్టే ఇచ్చేసిన మనిషి, ముందు వరస కోసం పట్టుబట్టరు.

— తీరవాసి