చీర మీద కోటు

మొన్న సంక్రాంతికి బరంపురం ఇంట్లో పదహారుమందిమి చేరాం. విశాఖపట్నం నుంచి బాబాయి వాళ్లు, రాయ్‌పూర్ నుంచి పెద్దత్త కుటుంబం, టొరంటో నుంచి చెల్లెలు, మరిదిగారు. భోగి నాడు తెల్లారగట్ల అందరం వీధిలో మంట చుట్టూ నిలబడ్డాం. ఎవరి ఒంటి మీద చూసినా కోటే. పిల్లలకి దూది దిండ్లలా ఉబ్బిన జాకెట్లు, పెద్దవాళ్లకి కాలరున్న కోట్లు. ఆ మంట వెలుగులో ఫొటో తీసుకున్నాం. తర్వాత ఫొటో చూసుకుంటే మా మామ్మ ఓ పక్కన కనిపించింది. ఒంటి మీద తాతయ్యగారి పాత స్వెటరు. రెండు గుండీలు లేవు, మోచేతి దగ్గర రఫ్ఫు చేసిన మచ్చ. దాని మీద చాదర్. తాతయ్యగారు పోయి తొమ్మిదేళ్లయింది.

ఆ రోజు అందరికంటే ముందు లేచింది ఆవిడే. నాలుగింటికి లేచి, స్నానం చేసి, మాకు నీళ్లు కాచింది. మేం ఆ వేడినీళ్లు పోసుకుని, కోట్లు తొడుక్కుని, మంట దగ్గరికి వచ్చాం. ఆ ఫొటో చూసి మాకు సిగ్గేసింది. ఆ సిగ్గులోంచే ఇది రాస్తున్నాం.

మా మాట ఒక్కటే. ఇంట్లో చలికాలానికి కొత్త కోటు కొంటే, మొదటిది ఇంటి పెద్దావిడకి కొనాలి. బయటికెళ్లే వాళ్లకి కాదు, ఇంట్లో ముందు లేచే మనిషికి. మిగిలిందీ, విడిచిందీ, బిగుతైందీ కాదు. కొత్తది, ఆవిడ కొలతకి, ఆవిడ మెచ్చిన రంగులో.

ఈ మాట ఇంట్లో అనగానే ఎన్ని అడ్డుమాటలు వచ్చాయో! మీ ఇళ్లలోనూ ఇవే వస్తాయి కాబట్టి ఒక్కొక్కటీ చెబుతాం.

మొదటిది: “బరంపురంలో చలేమిటర్రా?” నిజమే, మాది దారింగ్‌బాడి కాదు. అక్కడ కంధమాల్ కొండల మీద గడ్డి పైన మంచు పేరుకుంటుంది. సముద్రం పక్కన ఉన్న మా ఊళ్లో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున 15, 16 డిగ్రీలు ఉంటుంది. పాతికేళ్ల కుర్రాడికి అది చలే కాదు. కానీ ఎనభై రెండేళ్ల మనిషికి ఒంట్లో వేడి పుట్టించే కండ తగ్గిపోయి ఉంటుంది. చర్మం కింద కొవ్వు పలచబడి ఉంటుంది. చలి వేస్తోందన్న సంగతే ఆలస్యంగా తెలుస్తుంది. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది. షుగరో, థైరాయిడ్ తక్కువో ఉంటే ఇంకా కష్టం. పైగా సిమెంటు గచ్చు, తడి పెరడు, తలస్నానం. థర్మామీటరు అందరికీ ఒకే అంకె చూపిస్తుంది గానీ, ఆ అంకె అందరి ఒంటికీ ఒకలా తగలదు.

నిజానికి “బరంపురంలో చలేమిటి” అన్న మాట ఎవరికి చెప్పాలి? ఫోన్‌లో చూసి మైనస్ పది డిగ్రీలకి పనికొచ్చే జాకెట్ తెప్పించుకున్న మా తమ్ముడికి చెప్పాలి. వాడు దాన్ని వేసుకుని గోపాల్‌పూర్ బీచికి వెళ్లి, చెమట పట్టి, చంకలో పెట్టుకుని తిరిగొచ్చాడు. వాడినెవరూ ఏమీ అనలేదు. మామ్మకి కొందామంటే మాత్రం అందరికీ వాతావరణం గుర్తొచ్చింది.

రెండోది: “శాలువాలు ఉన్నాయి కదా!” ఉన్నాయి. బీరువా తీస్తే ఏడు. తాతయ్యగారి రిటైర్మెంటుకి కప్పినవి, తెలుగు సంఘం వాళ్లు సన్మానానికి కప్పినవి. జరీ అంచు మెరుస్తుంది, వేడి మాత్రం రాదు. అవి ఫొటో కోసం కప్పే బట్టలు. పోనీ మంచి ఉన్ని శాలువాయే ఉందనుకుందాం. దాన్ని పట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలి. పాలు కాచాలన్నా, ముగ్గు వెయ్యాలన్నా, తులసికోట దగ్గర దీపం పెట్టాలన్నా శాలువా జారుతుంది. కూర్చున్న వాళ్లకి శాలువా, పని చేసే వాళ్లకి కోటు. ఇంకో సంగతి. చీర కట్టుకున్న మనిషికి నడుము, వీపు కింది భాగం ఖాళీగానే ఉంటాయి. చలి ముందు పట్టుకునేది అక్కడే. నడుం నొప్పి నడుం నొప్పి అంటే నూనె రాస్తాం గానీ, ఆ నడుము మీద బట్ట ఉందా అని చూడం.

మూడోది: “ఆవిడే వద్దంటోంది.” అవును, వద్దంటుంది. రెండో గరిటె పాయసం కూడా వద్దంటుంది. అప్పుడు మనం వింటున్నామా? ఆవిడ వద్దన్నా వడ్డిస్తాం, తినేదాకా కూర్చుంటాం. డబ్బు ఖర్చయ్యే చోట మాత్రం ఆవిడ ‘వద్దు’ మనకి వేదవాక్కు. జీవితమంతా ముందు ఇతరులకి వడ్డించిన మనిషికి ‘వద్దు’ అనడం అలవాటు. ఆ అలవాటుని మనం మన సౌకర్యానికి వాడుకుంటున్నాం.

నాలుగోది అసలైనది. మా అత్తయ్యే అంది: “చీర మీద కోటేమిటే, బాగోదు.” దీనికి మా ఇంటి ట్రంకుపెట్టే జవాబు చెబుతుంది. అందులో ముత్తాతగారి నల్ల ఆల్పాకా కోటు ఉంది. ఆయన బరంపురం కోర్టులో గుమాస్తా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ రోజుల ఫొటోలు చూడండి. కింద పంచె, పైన గుండీల కోటు, తలకి పాగా, భుజాన కండువా. కందుకూరి, గురజాడ ఫొటోల్లో కూడా పాగా, కోటు కనిపిస్తాయి. మే నెల ఎండలో కూడా వేసుకునేవారు. పంచె మీద కోటు బాగోదని ఎవరూ అనలేదు. పైగా గౌరవంగా ఉందన్నారు.

అంటే ఏమిటి? మన ఇళ్లలోకి కోటు చలి కోసం రాలేదు, ఉద్యోగం కోసం వచ్చింది. కచేరీకి వెళ్లే వాడికి కోటు, కాలేజీకి వెళ్లే వాడికి కోటు, పెళ్లికొడుక్కి కోటు. ఆడవాళ్లకి కచేరీ లేదు కాబట్టి కోటూ లేదు. ఈ లెక్క మూడు తరాలుగా నడుస్తోంది. ఇప్పుడు ఆడపిల్లలు ఉద్యోగాలకి వెళ్తున్నారు, వాళ్లకీ కోట్లు వచ్చాయి. ఇంట్లో ఉండిపోయిన ఆవిడ మాత్రం మగవాళ్లు విడిచిన స్వెటరే వేసుకుంటోంది. అది ఆవిడ ఇష్టం అని మనం అనుకుంటున్నాం. తాతయ్యగారి గుర్తుగా ఉంచుకుందేమో అని కూడా మేం అనుకున్నాం. అడిగితే, “గుర్తేమిటర్రా, ఇంకోటి లేదు” అంది.

బయట ఉన్న వాళ్లు ఇది బరంపురం గొడవ అనుకోవద్దు. మీ దగ్గర ఇంకా అన్యాయంగా జరుగుతోంది. కూతురి పురిటికని, కోడలి పురిటికని అమ్మని డిసెంబరులో అమెరికాకో, కెనడాకో తీసుకెళ్తారు. ఆరు నెలల పిల్ల కోసం మూడు కోట్లు ముందే కొని ఉంచుతారు. అమ్మకి అల్లుడి పాత జాకెట్. చేతులు వేళ్ల దాకా దిగి, భుజాలు జారి, కింద చీర కుచ్చిళ్లు మంచులో తడుస్తూ. “రెండు నెలలకేగా” అంటారు. ఆ రెండు నెలలూ ఆవిడ గడప దాటదు. ఇండియా వచ్చి “అక్కడ నాకు తోచలేదు” అంటుంది. తోచక కాదు, తొడుక్కోవడానికి తనదంటూ ఏమీ లేక.

మనం ఒడియా వాళ్ల మధ్య ఇన్ని తరాలు బతికాం. చలి సంగతిలో వాళ్ల పంచాంగం దగ్గర నేర్చుకోవలసింది ఉంది. కార్తీక బహుళ అష్టమి, వాళ్ల లెక్కలో మార్గశిర కృష్ణాష్టమి, ప్రథమాష్టమి. ఆ రోజు ఇంట్లో మొదట పుట్టిన బిడ్డకి కొత్తబట్టలు పెట్టి హారతిస్తారు. పసుపు ఆకుల్లో ఎండూరి పిఠా ఉడికిస్తారు. గంజాం తెలుగు ఇళ్లలో ఆ పిఠా చాలామంది వండుకుంటాం. చలి మొదలయ్యే వేళకే ఆ కొత్తబట్టల పండగ. ఆ తర్వాత మార్గశిర శుద్ధ షష్ఠి, మనకి సుబ్బారాయుడి షష్ఠి. వాళ్లకి అది ఓఢణ షష్ఠి. ఆ రోజు నుంచి వసంత పంచమి దాకా పూరీలో జగన్నాథుడికి చలిబట్టలు కప్పుతారు. ఘొడలాగి వేషం అంటారు. కొయ్య విగ్రహానికి చలేస్తుందని తలచి, తేదీ పెట్టుకుని మరీ కప్పుతున్నారు. ఊపిరి తీసుకుంటున్న మన మామ్మకి తేదీ లేదు.

అందుకని మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. ప్రథమాష్టమి నాటికి మామ్మకి చలిబట్ట సిద్ధంగా ఉండాలి. ఆవిడా ఒక ఇంట్లో మొదట పుట్టిన పిల్లే. ఆ తర్వాతే పిల్లల జాకెట్ల మాట.

ఇక ఎలాంటిది కొనాలి? ఇక్కడ మేం ఒకసారి తప్పు చేశాం కాబట్టి చెబుతున్నాం. మొదట ఫోన్‌లో చూసి తల మీదుగా తొడుక్కునే మందపాటి స్వెటరు తెప్పించాం. ఆవిడకి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవదు. ఒక్కరోజు వేసుకుని మడతపెట్టేసింది.

ముందు తెరిచి ఉండేదే కొనండి. గుండీలు పెద్దవిగా ఉండాలి. కీళ్లవాతం ఉన్న వేళ్లకి సన్న జిప్పు లొంగదు. పొడవు తుంటి కిందకి రావాలి, అప్పుడే నడుము కప్పుతుంది. మరీ మోకాళ్ల దాకా ఉంటే కూర్చుని లేచేటప్పుడు కుచ్చిళ్లు లాగుతాయి. చెయ్యి గాజుల మీదుగా పట్టేంత వదులుండాలి గానీ వేలాడకూడదు, స్టవ్ దగ్గర ప్రమాదం. నైలాన్ జాకెట్ నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఉన్ని అంత తొందరగా అంటుకోదు. వంటింట్లో తిరిగే మనిషికి ఇది చిన్న విషయం కాదు. మా ఊరి తేమ గాలికి కూడా ఉన్నే మేలు, కాస్త చెమ్మ పట్టినా వేడి నిలుపుతుంది. ఈకలు కూరిన జాకెట్ తడిస్తే ముద్దకడుతుంది. బరువు ఎక్కువైతే వెచ్చన అనుకోకండి. తేలికైనవి రెండు పొరలు వేస్తే మధ్యలో నిలిచే గాలే వెచ్చన. జేబులు రెండూ ఉండాలి. కళ్లజోడు, తాళాలు, మాత్రలు ఆవిడ ఇప్పటిదాకా కొంగున కట్టుకునే తిరిగింది.

ఆవిడని దుకాణానికి తీసుకెళ్లండి. చలికాలంలో ఊళ్లలో స్వెటర్లు పెట్టే టిబెటన్ల దగ్గరికి మేం వెళ్లాం. 1963లో చంద్రగిరి దగ్గర వాళ్లకి శిబిరం ఏర్పడింది. అప్పట్లో అది మన గంజాం జిల్లాయే, 1992 నుంచి గజపతి జిల్లా. వాళ్లలో చాలామంది లూధియానా నుంచి సరుకు తెచ్చుకుని అమ్ముతారు. చేత్తో పట్టి చూడచ్చు, తొడిగి చూడచ్చు. బేరం మామ్మే చేసింది, ఒడియాలో. ఊరు విడిచొచ్చిన వాళ్లూ, ఊరు విడిచొచ్చిన వాళ్ల మనవరాలూ ఒడియాలో బేరమాడుకుంటుంటే మేం సంచి పట్టుకుని నిలబడ్డాం.

రంగు దగ్గర గొడవైంది. బాబాయి బూడిదరంగు తీశాడు, “పెద్దవాళ్లకి హుందాగా ఉంటుంది” అని. హుందా కాదు, అది విధవరాలికి రంగెందుకన్న పాత మాట. పైకి అనడానికి మొహం చెల్లక హుందా అంటాం. మామ్మ చెయ్యి కుంకుమరంగు దాని మీద ఉంది. అదే కొన్నాం.

ఇప్పుడు నాలుగింటికి ఆ కోటు తొడుక్కునే లేస్తోంది. వసంత పంచమి వెళ్లాక ఎండలో వేసి, వేపాకు పెట్టి దాచింది. వానాకాలంలో బూజు పట్టకుండా మధ్యలో ఒకసారి తీసి ఆరేసింది కూడా. వద్దన్న మనిషి చేసే పనులేనా ఇవి?

ఒక్కటే మిగిలింది. ఎవరైనా వస్తే గబగబా విప్పేసి శాలువా కప్పుకుంటుంది. ఆ సిగ్గు ఆవిడది కాదు, మనం నేర్పింది. దాన్ని మాన్పించడం ఇంకా మా వల్ల కాలేదు. మీ ఇంట్లో చీర మీద కోటు వేసుకున్న పెద్దావిడ ఉంటే, ఈసారి బరంపురం వచ్చినప్పుడు మా ఇంటికి తీసుకురండి. కోటు విప్పకుండా కూర్చోమనండి.