ట్రాముబండి నేర్పు పాఠము

'పాత యొక రోత, క్రొత్త యొక వింత' అను సామెత మన భాషలో చిరకాలమునుండి వాడుకలో నున్నది. మనుష్యుల విషయమున నిది యెంత నిజమో, నగరముల విషయమునను అంతే నిజము. ఇరువదవ శతాబ్దము నడుమ మోటారుబండ్లు పెరిగిన కొలది పెక్కు నగరములు తమ ట్రాము పట్టాలను పెల్లగించివైచినవి. చెన్నపట్టణమున 1895లో విద్యుత్తుతో నడచు ట్రాములు మొదలైనవి. భారతదేశమున అట్టివానిలో నవియే మొదటివి. తెలుగువారెందరో యెక్కి తిరిగిన ఆ బండ్లు 1953లో నిలిచిపోయినవి. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరము 1961లో తన కడపటి ట్రామును సాగనంపినది. కాని ఆ దేశమందే యున్న మెల్బోర్న్ నగరము ఆ త్రోవను పోలేదు. అది చేసినదే మేలైన పని యని నేటి స్థితి తెలుపుచున్నది.

మెల్బోర్న్‌లో 1885లో, వీథి క్రింద కదలెడు ఇనుపమోకును పట్టుకొని సాగు ట్రాములు వచ్చినవి. కాలక్రమమున వాని స్థానమున విద్యుత్తు బండ్లు ప్రవేశించినవి. 1949 నుండి 1970 వరకు ట్రాముల మండలికి అధ్యక్షుడుగా నుండిన రాబర్ట్ రిస్సన్, ట్రాములను తొలగింపవలెనను వాదమునకు లొంగలేదు. పట్టాలను కాంక్రీటులో పొదిగించెను. అట్లు పాతిన పట్టాలను పెల్లగించుట మిక్కిలి వ్యయముతో కూడిన పని గదా! నేడచ్చట 24 మార్గములలో, సుమారు 250 కిలోమీటర్ల పొడవున ట్రాములు నడచుచున్నవి. ప్రపంచమున నింత పెద్ద ట్రాము మార్గజాలము మరియొక నగరమునకు లేదు.

ఈ బండి నెక్కుట కష్టము కాదు. బండి నుదుట మార్గసంఖ్యయు, చేరవలసిన చోటి పేరును కనబడుచుండును. తనకు కావలసిన బండి వచ్చునపుడు ప్రయాణికుడు చేయెత్తవలెను. దిగదలచినపుడు లోపలి మీటను నొక్కవలెను. కండక్టర్లు 1990ల చివరనే తొలగింపబడిరి. కావున ప్రయాణికుడే తన కార్డును యంత్రమునకు తాకించి రుసుము చెల్లింపవలెను. నగరమధ్యభాగమున మాత్రము 2015 జనవరి నుండి ప్రయాణము ఉచితము. తనిఖీ చేయువారు అప్పుడప్పుడు వత్తురు. అయినను ఇట్టి యేర్పాటు ప్రధానముగ ప్రజల నిజాయితీపై ఆధారపడి యున్నది. ఎవరును చూడనపుడు కూడ చెల్లింపవలసినది చెల్లించువాడే మంచి పౌరుడు.

బండి నడచు విధమును తెలిసికొనదగినది. పైనున్న తీగనుండి బండి విద్యుత్తును గ్రహించును. అది మోటార్లను త్రిప్పి, పట్టాల ద్వారా మరలిపోవును. ఉక్కు పట్టాపై ఉక్కు చక్రము దొర్లుటచే ఒరపిడి తక్కువ. వీథిలో పొగ వెలువడదు. 2013లో ప్రవేశపెట్టిన క్రొత్తరకము బండి 33 మీటర్ల పొడవు గలిగి, సుమారు 210 మందిని మోయగలదు. ఆ 210 మందియు ఒక్కొక్కరొక కారును తెచ్చినచో ఆ వీథి యేమగునో విద్యార్థులు ఊహించుకొనవచ్చును.

ట్రాములవలన కార్లు ఆలస్యమగుచున్నవని కొందరందురు. అది కొంతవరకు నిజమే. ట్రాము ఆగి తలుపులు తెరచియున్నపుడు, ప్రక్కన వచ్చు వాహనములు దాని వెనుకనే నిలువవలెనని అచ్చట చట్టము. నగరమధ్యమందలి కొన్ని కూడళ్లలో కుడివైపు తిరుగు కారు, ట్రాముకు అడ్డు రాకుండ, ముందు ఎడమ అంచునకు పోయి వేచియుండవలెను. కాని ఒక కారు అరనిమిషము ఆగుటచే ఒక ముసలమ్మ నిర్భయముగ దిగిపోవునేని అది నష్టము కాదు. వీథి వాహనములది కాదు, మనుష్యులది.

అయినను ఇల్లలుకగానే పండుగ కాదు. వికలాంగులు సులభముగ నెక్కుటకు వీలుగా స్టాపులన్నియు 2022 చివరకు సిద్ధము కావలెనని ఆ దేశపు నిబంధన. ఆ గడువు గడచినను, ఎత్తైన అరుగులు లేని స్టాపులు మెల్బోర్న్‌లో అనేకములు మిగిలియున్నవి. చక్రపు కుర్చీలో కూర్చున్నవానికి, ఎదుట నిలిచియు ఎక్కరాని బండి లేని బండితో సమానమే. ఉన్నదానిని నిలుపుకొనినంత మాత్రమున చాలదు. దానిని అందరకు అందునట్లు చేయవలెను.

ఇక సిడ్నీ సంగతి. ఆ నగరము 1997లో ట్రాములను మరల ప్రారంభించి, 2019 నాటికి తన ముఖ్యవీథియగు జార్జి వీథిలో మిక్కిలి వ్యయముతో పట్టాలను తిరిగి పరచినది. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట యనగా నిదియే. పాతదైనంత మాత్రమున ఏ వస్తువును నిలుపుకొననక్కరలేదు. పాతదైనంత మాత్రమున పారవేయనును కూడదు. దాని ప్రయోజనము తీరినదా, లేక మన మోజు మాత్రమే తీరినదా యని ముందుగ విచారింపవలెను. ఆ విచారణ చేసిన నగరము రెండుమారులు ఖర్చుపెట్టదు.