నాన్న గదిలో ట్రాన్సిస్టర్

మా నాన్నకు ట్రాన్సిస్టర్ అంటే రేడియోనే. పొద్దున వార్తలు, మధ్యాహ్నం పాటలు అన్నీ అందులోనే. ఇప్పుడు ఆయనకు చెవులు సరిగ్గా వినబడవు. రేడియో అటకెక్కింది. మొన్నామధ్య మేం ఊళ్లో లేనప్పుడు మా మేనత్త వచ్చి అరగంటసేపు బెల్లు కొట్టింది. అన్నయ్యకు ఏమైందోనని ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది. ఆయనేమో లోపల కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు!

ఆ రోజే అనుకున్నా. బెల్లు ఒక్కసారి నొక్కితే నాన్న కళ్లెదుట లైట్లు నిమిషంపాటు వెలిగి ఆరుతూ ఉండాలని. ఒక ఆర్డునో ఊనో బోర్డు, పది తెల్ల ఎల్ఈడీలు కొన్నా. ఒక్కోదానికి 220 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, పదింటినీ ఒకే పిన్నుకు కట్టేశా. వెలుగు నీరసంగా వచ్చింది. మూడో రోజుకు ఆ పిన్ను పోయింది.

లెక్క తర్వాత చూసుకున్నా. ఒక్కో ఎల్ఈడీ సుమారు 9 మిల్లీయాంపులు అడుగుతుంది. పదింటికి 90. ఆ పిన్ను 20 దాకా హాయిగా ఇస్తుంది, 40 ఎప్పుడూ దాటకూడదు. తప్పు బోర్డుది కాదు, బరువెత్తిన నాది.

చెరువు తూము దగ్గర నీరటిని చూసే ఉంటారు. నీళ్లు ఆయన మోయడు. తూము ఎత్తుతాడంతే, నీళ్లు వాటంతటవే పొలాలకు పోతాయి. ట్రాన్సిస్టర్ ఆ తూములాంటిది, పిన్ను నీరటిలాంటిది.

2ఎన్2222 అనే ట్రాన్సిస్టర్ తెచ్చా. ఖరీదు ఒక టీ పాటి. పిన్ను నుంచి 470 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా బేస్‌కు వైరు. ఎమిటర్ గ్రౌండ్‌కు. ఎల్ఈడీల ప్లస్ 5 వోల్టుల చార్జర్‌కు, మైనస్ వైపు కలెక్టర్‌కు. ఇప్పుడు పిన్ను ఇచ్చేది 9 మిల్లీయాంపులే. మిగతా బరువంతా చార్జర్‌ది. కాళ్ల వరుస మాత్రం రకాన్ని బట్టి మారుతుంది, డేటాషీట్ చూసుకుని కట్టండి.

అయినా వెలగలేదు! గంటసేపు తల పట్టుకున్నాక తెలిసింది. బోర్డుకు కరెంటు ల్యాప్‌టాప్ నుంచి, ఎల్ఈడీలకు చార్జర్ నుంచి. రెండింటి గ్రౌండ్లూ కలపలేదు. కరెంటుకు పోయే దారి ఉంటే చాలదు, తిరిగొచ్చే దారీ ఉండాలి. ఒక్క వైరు కలిపా. గదంతా తెల్లగా వెలిగింది.

పోయిన ఆదివారం అత్తయ్య మళ్లీ వచ్చింది. బెల్లు నొక్కింది. నాన్నే లేచి వెళ్లి తలుపు తీశారు. తర్వాత గోడ మీది డబ్బా చూపించి, “ఇందులో ఏం పెట్టావురా?” అని అడిగారు.

“ట్రాన్సిస్టర్, నాన్నా!” అని చెవి దగ్గర అరిచా.

ఆయన నవ్వారు. “మరి పాటలు రావేంరా?”