అశ్వత్థామకు మాఫీ ఉందా?

2024 జూన్ 27న కరీంనగర్‌లో 'కల్కి 2898 ఏడీ' మొదటి రోజే చూసిన. ప్రభాస్ కోసమే పోయిన. బయటికి వచ్చేటప్పుడు మాత్రం మనసుల అశ్వత్థామనే ఉన్నడు.

ముందుగాల ఫిర్యాదులు చెప్పేస్త. ఫస్టాఫ్ సాగింది. భైరవ కామెడీకి నాకు నవ్వు రాలేదు. గెస్టులు వచ్చినప్పుడల్లా కథ ఆగి ఈలల కోసం ఎదురుచూసింది. బుజ్జి కారు మాత్రం మెకానికల్ బ్రాంచోళ్లకు పండుగ.

ఇగ అసలు సంగతి. భారతంలో అశ్వత్థామ నిద్రలో ఉన్న ఉపపాండవులను చంపిండు. ఆ తర్వాత ఉత్తర కడుపులోని బిడ్డ మీదికి అస్త్రం మళ్లించిండు. మూడు వేల ఏండ్లు ఒంటరిగా తిరగమని కృష్ణుడు శపించిండు. పాపం తీర్చుకునే దారి మాత్రం అక్కడ చూపలేదు. నాగ్ అశ్విన్ ఆ దారి వేసిండు: కల్కిని మోసే తల్లిని కాపాడాలి. గర్భం మీద అస్త్రం వేసినోడే గర్భానికి కాపలా! అమితాబ్ బచ్చన్ లేచి నిలబడితే నాకు రోమాలు నిక్కబొడుచుకున్నయి.

"మూలంలో లేదు కదా" అంటరు కొందరు. లెక్క కూడా కలవదు. టైటిల్ లెక్క క్రీ.పూ. 3102లో మొదలైన కలియుగం నుంచి ఆరు వేల ఏండ్లు. భారతం ప్రకారం అయితే క్రీ.పూ. 102 నాటికే శాపం అయిపోవాలె. కానీ మన ఇండ్లల్ల ఆయన్ను చిరంజీవి అనే చెప్పుకుంటరు. సినిమా ఆ నమ్మకాన్ని పట్టుకుంది. నాకది తప్పనిపించలేదు. కథ చెప్పే ప్రతి ఒక్కరూ తమదంటూ ఒక ముక్క కలుపుతనే ఉంటరు.

ఇంటికి పోయి బాపమ్మకు కథంత చెప్పిన. మొత్తం విని ఒక్కటే అడిగింది: "కడుపుల పిల్లను సంపవోయినోనికి మాఫీ ఎట్లయితది బిడ్డా? గా తల్లిని ఎవలన్న అడిగిండ్రా?"

నా దగ్గర జవాబు లేకుండె. నిజమే, ఉత్తర కనిపించేది కాసేపే. సుమతిని కాపాడేటోళ్లు, ఎత్తుకపోయేటోళ్లు చానా మంది; నీకేం కావాలని అడిగేటోళ్లే తక్కువ. ఇంత ఖర్చు పెట్టిన సినిమాలో నాకు కనిపించిన పెద్ద లోటు గ్రాఫిక్స్‌ది కాదు, ఇదే.

మూలాన్ని మార్చినందుకు నాకు కోపం లేదు. మార్చినోళ్లు ఈ ప్రశ్న కూడా వేసుకుంటే బాగుండు. రెండో భాగం వచ్చిన రోజు రెండు టికెట్లు తీసుకుంట. ఒకటి బాపమ్మకు.